గడిలో ఇమడని బొమ్మ

ఒడిశాలోని గుణుపురం వైపు కొండల్లో సవర తెగవారు ఇంటి లోపలి గోడకు ఎర్రమన్ను పూసి, బియ్యప్పిండి కలిపిన నీళ్లలో పుల్ల ముంచి వేసే ఇడితల్ బొమ్మ నడిమి నుంచి మొదలు కాదు. ముందు చుట్టూ అంచు పడుతుంది. వల అల్లినట్టుగా ఆ అంచు నుంచి లోపలికి పెరుగుతూ మనుషులు, ఏనుగులు, గుర్రాలు, చెట్లు, సూర్యచంద్రులు ఒకదాని పక్కన ఒకటిగా చేరుతూ పోతాయి. పూర్వీకుల కోసం, ఇంటి దేవతల కోసం వేసే ఈ బొమ్మలో ఇది ముఖ్యం, అది ఖాళీ నింపడానికి పెట్టింది అని వేరు చేసి చూపగల భాగం ఉండదు. అదే బొమ్మను గుడ్డ మీదో కాగితం మీదో వేసి, ఫొటో తీసి ఆన్‌లైన్ గ్యాలరీకి పంపితే, అక్కడ మొట్టమొదట పోయేది ఆ అంచే. చేతితో మొదట గీసిన దాన్నే వెబ్‌సైట్ మొదట కోసేస్తుంది.

కారణం చిన్నది. చాలా గ్యాలరీ వెబ్‌సైట్లు బొమ్మలను సమాన చతురస్రాల గడులుగా పేరుస్తాయి. గడి మొత్తం నిండాలి, ఎక్కడా ఖాళీ కనిపించకూడదు అన్న నియమం టెంప్లేటులోనే, అంటే పేజీకి ముందే తయారుగా ఉంచిన నమూనాలోనే రాసి ఉంటుంది. అందువల్ల బొమ్మ వెడల్పు ఎక్కువైతే రెండు పక్కలూ, ఎత్తు ఎక్కువైతే కిందా పైనా తెగిపోతాయి. తెగేది ఎంతో లెక్క వేయడం కష్టం కాదు. అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న మామూలు కాగితపు బొమ్మలో మూడో వంతు పోతుంది. మూడడుగుల పొడవు, అడుగు ఎత్తు ఉన్న పటంలో మిగిలేదే మూడో వంతు. రాముడి పట్టాభిషేకం వేసిన పటమైతే నడిమి సింహాసనం మిగిలి, ఒక కొసన చేతులు కట్టుకుని నిలబడ్డ హనుమంతుడూ, మరో కొసన ఛత్రం పట్టుకున్న తమ్ముడూ గడి దాటిపోతారు. క్లిక్ చేస్తే పూర్తి బొమ్మ వస్తుంది కదా అనే సమాధానం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అయితే వందల గడులున్న పేజీలో దేన్ని క్లిక్ చేయాలో చూసేవారు నిర్ణయించుకునేది ఆ తెగిన ముక్కను చూసే అన్న సంగతిని ఆ సమాధానం పట్టించుకోదు.

ఈ చతురస్రానికి చరిత్ర మరీ పెద్దదేమీ కాదు. 2010లో మొదలైన ఇన్‌స్టాగ్రామ్ మొదటి అయిదేళ్లు చతురస్రం తప్ప మరో ఆకారాన్ని ఒప్పుకోలేదు. 2015లో నిలువు, అడ్డం ఫొటోలకు కూడా దారి ఇచ్చినా, ప్రొఫైల్ పేజీలో మాత్రం చతురస్రపు గడులే చాలాకాలం ఉండిపోయాయి. 2025 జనవరిలో అవి మూడుకు నాలుగు నిష్పత్తిలో నిలువు గడులయ్యాయి. అప్పటిదాకా చతురస్రానికి సరిపడేలా తమ పేజీని పేర్చుకున్న చిత్రకారుల వరుసలన్నీ ఆ మార్పుతో మళ్లీ కొత్తచోట తెగాయి. గడి ఆకారం మారిందేగాని, గడి చెప్పినట్టే బొమ్మ వినాలన్న పద్ధతి మారలేదు.

డిజైనర్ల వైపు నుంచి చూస్తే దీనికి న్యాయం లేకపోలేదు. ఎగుడుదిగుడుగా పరిచిన బొమ్మల పేజీ చిన్న ఫోనులో చిందరవందరగా కనిపిస్తుంది. సమాన గడులైతే వరుస కుదురుతుంది, పేజీ తెరుచుకునేటప్పుడు అక్షరాలూ బొమ్మలూ అటూ ఇటూ ఎగరవు, కోడ్ రాయడమూ తేలిక. పైగా ఈ టెంప్లేట్లలో చాలావాటి మూలం దుకాణపు పేజీ. చెప్పుల జతను చతురస్రంలో నడిమికి పెట్టి చుట్టూ తెల్లగా వదిలేస్తే కొనేవారికి వచ్చే నష్టమేమీ లేదు, ఎందుకంటే చెప్పుకు చట్రం ఉండదు. బొమ్మకు ఉంటుంది. ఎక్కడ ఆపాలన్నది చిత్రకారుడు తీసుకునే నిర్ణయాల్లో చిన్నది కాదు. సరుకు ఫొటోకూ బొమ్మకూ ఉన్న ఈ తేడాను టెంప్లేటు గుర్తించకపోవడం దగ్గరే చిత్రకారుల చికాకులో సగం పుడుతుంది.

మిగతా సగంలో పెద్ద పాలు కొలతది. ఫోను తెర వెడల్పు సుమారు 7 సెంటీమీటర్లు. మూడు నిలువు వరుసల గడుల పేజీలో, అంటే గ్రిడ్‌లో, ఒక్కో గడికి దక్కేది 2.3 సెంటీమీటర్లు. నాలుగడుగుల వెడల్పున్న గోడబొమ్మ, అంటే దాదాపు 122 సెంటీమీటర్లది, ఆ గడిలోకి రావాలంటే 50 రెట్లకు పైగా కుంచించుకుపోవాలి. ఆ బొమ్మలో పుల్లతో లాగిన తెల్లగీత మందం 2 మిల్లీమీటర్లు అనుకుంటే, తెర మీద అది 0.04 మిల్లీమీటర్లకు దిగుతుంది. అంగుళానికి 400 పిక్సెళ్లున్న ఫోనులో ఒక్క పిక్సెల్ వెడల్పే 0.06 మిల్లీమీటర్లు. గీత పిక్సెల్ కన్నా సన్నబడినప్పుడు తెర దాన్ని గీతగా చూపలేదు, పక్కనున్న ఎరుపుతో కలిపి సగటు రంగు వేస్తుంది. ఎర్రగోడ మీద తెల్లగా నిలబడాల్సిన మనుషుల వరుస వెలిసిన ఇటుక రంగు మరకగా మారేది అందుకే. ఇదే గ్రిడ్‌లో పక్క గడిలో అరచేతిలో పట్టే గంజపా అనే గుండ్రటి పేకముక్క ఉంటే, అది రెండు మూడు రెట్లు మాత్రమే తగ్గి గోడబొమ్మ కన్నా ఠీవిగా కనిపిస్తుంది. గోడంతదీ అరచేతంతదీ ఒకే కొలతకు దిగిపోతాయి.

కొలతలు అంకెల్లో ఇస్తున్నారు కదా అంటే ఇస్తున్నారు, ధర కింద, చిన్న బూడిదరంగు అక్షరాల్లో, చాలాచోట్ల ఇంకో బటన్ నొక్కితే తప్ప కనిపించని చోట. 122 × 91 అన్న అంకె చదవగానే మనసులో గోడ కట్టుకోగలిగేది అలవాటున్నవారే. బొమ్మ పక్కన మనిషి నిలబడ్డ ఫొటో ఒకటి, లేదా దాని మీద చెయ్యి ఆనించి తీసిన ఫొటో ఒకటి ఉంటే ఈ చిక్కు తీరిపోతుంది. కొన్ని సైట్లు మరో దారి తొక్కి, సోఫా వెనక గోడకు బొమ్మ వేలాడుతున్నట్టు కంప్యూటర్‌తో అతికించి చూపిస్తాయి. ఆ సోఫా ఎప్పుడూ లేత బూడిద రంగులోనే ఎందుకుంటుందో గాని, కొలతకు మాత్రం అది నమ్మదగ్గ సాక్ష్యం కాదు. జానెడు బొమ్మను కూడా అదే గోడ మీద, దాదాపు అంతే పెద్దగా చూపించే సైట్లున్నాయి.

రంగుల సంగతికి వస్తే, తప్పు తెరదా, ఫైలుదా, సైటుదా అన్నది విడదీసి చూడాలి. వెబ్ రంగులకు ఆధారమైన ఎస్‌ఆర్‌జీబీ ప్రమాణాన్ని హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో ఆనాటి గాజు తెరలను దృష్టిలో పెట్టుకుని రూపొందించాయి. ఈనాటి కెమెరాలు, ఫోన్లు అంతకన్నా విశాలమైన రంగులను పట్టగలవు, చూపగలవు. ఫైలులోని అంకెలను ఏ ప్రమాణం ప్రకారం చదవాలో చెప్పే చీటీ ఒకటి ఫైలుతోపాటే ఉంటుంది. అప్‌లోడ్ చేసిన ఫైలును సైట్ తనకు కావలసిన సైజులోకి మార్చుకునేటప్పుడు ఆ చీటీని పారేస్తే, విశాలమైన ప్రమాణంలో తీసిన ఫొటోను తెర ఇరుకు ప్రమాణంలో చదువుకుని రంగులన్నీ పాలిపోయినట్టు చూపిస్తుంది. చిత్రకారుడు ఇంట్లో గంటసేపు కూర్చుని ఫొటోలోని ఎరుపును అసలు ఎరుపుకు దగ్గరగా తెచ్చుకున్న శ్రమ అక్కడితో పోతుంది.

ఇంతకన్నా సూక్ష్మమైన నష్టం ఫొటో ఫైళ్లను కుదించి దాచే జేపెగ్ పద్ధతిలో ఉంది. 1992లో ప్రమాణంగా స్థిరపడిన ఈ పద్ధతి ఫైలు బరువు తగ్గించడానికి మనిషి కంటికున్న ఒక బలహీనతను వాడుకుంటుంది. వెలుగునీడల తేడాను కన్ను పట్టినంత నిశితంగా రంగుల తేడాను పట్టదు. కాబట్టి వెలుగు వివరాన్ని పిక్సెల్ పిక్సెల్‌కూ దాచి, రంగు వివరాన్ని మాత్రం తరచుగా నాలుగు పిక్సెళ్లకు ఒకటి చొప్పునే దాచుతుంది. పొలం, ఆకాశం, ముఖం ఉన్న ఫొటోకు దీనివల్ల వచ్చే ముప్పు దాదాపు లేదు. చిక్కటి ఎరుపు మీద సన్నటి తెల్లగీతలున్న బొమ్మకు మాత్రం ఇంతకన్నా ఇబ్బంది పెట్టే పద్ధతి మరొకటి ఉండదు. గీత అంచుల్లోకి ఎరుపు కారి, తెలుపు గులాబీ రంగుకు తిరిగి, గీతల చుట్టూ దుమ్ము పట్టినట్టు చిన్న చిన్న మచ్చలు తేలతాయి. చిత్రకారుడు పంపిన ఫైలు అప్పటికే జేపెగ్ అయి ఉంటుంది. సైట్ దాన్ని విప్పి, తగ్గించి, మళ్లీ గట్టిగా నొక్కుతుంది. సవర బొమ్మ ఫొటోలు ఆన్‌లైన్‌లో ఎక్కువగా బడలినట్టు కనిపించడానికి ఫొటో తీసినవారి చేతకానితనం ఒక్కటే కారణం కాదన్నమాట.

పేజీ నేపథ్యం కూడా రంగును మార్చేస్తుంది. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకాలకు అధిపతిగా ఉన్న షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్తకు నల్లనూలు నల్లగా లేదన్న ఫిర్యాదులు వచ్చేవి. తప్పు అద్దకంలో లేదనీ, పక్కనున్న రంగే నలుపును బలహీనంగా చూపిస్తోందనీ ఆయన తేల్చి, 1839లో దాని మీద పెద్ద గ్రంథమే వెలువరించాడు. ఒడిశాలో గుడ్డ మీద వేసే పటచిత్రంలో వాడే శంఖపు తెలుపు గోడ మీద చూస్తే తెలుపే. వెలుగు చిమ్మే తెల్లటి పేజీలో పెడితే అది పాతబడిన కాగితంలా పసుపు తిరుగుతుంది. నల్లటి పేజీ పెట్టే సైట్లలో ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడి కొమ్ము పనికి మరో గతి పడుతుంది. పశువుల కొమ్మును వేడి చేసి వంచి, చెక్కి, నున్నగా మెరుగు పెట్టి చేసే కొంగకు అందమంతా మెడ వంపులో, ఆ వంపు వెంట జారే సన్నటి వెలుగులో ఉంటుంది. నల్లటి నేపథ్యం మీద కొంగ మెడ ఎక్కడ ముగిసి పేజీ ఎక్కడ మొదలవుతుందో తెలియదు. గాలిలో తేలుతున్న ఒక మెరుపుగీత, దానికి దూరంగా ఒక కాలు కనిపిస్తాయి. వెనక లేత బూడిద రంగు పెడితే ఈ రెండు చిక్కులూ చాలావరకు తీరతాయి. కాని నేపథ్యం రంగును చిత్రకారుడి చేతికిచ్చే సైట్లు తక్కువ.

వాటంతట అవే జరిగిపోయే బొమ్మల వరుసలు, మౌస్ పెడితేనే కనిపించే పేరు, ఫోనులో రెండు వేళ్లతో పెద్దది చేయనివ్వని పేజీ, బొమ్మ నడినెత్తిన వాటర్‌మార్క్, కుడి క్లిక్ పని చేయకుండా వేసిన తాళం వంటివాటి గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. స్క్రీన్‌షాట్ తీసుకోవడం పిల్లలకు కూడా తెలిసిన కాలంలో ఆ తాళం దొంగను ఆపదు, దగ్గరగా చూద్దామనుకున్న మంచివాణ్ని మాత్రం ఆపుతుంది.

పేర్ల విషయంలో సరిహద్దు ఊళ్లకు వచ్చే చిక్కు వేరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు చేరింది. మహేంద్రతనయ నది దాటితే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం. ఇలాంటి ఊళ్లో తెలుగు చిత్రకారుడి పేరు బడి సర్టిఫికెట్లో ఒడియా ఉచ్చారణతో, బ్యాంకు పుస్తకంలో ఇంగ్లిషు అక్షరాలతో, దుకాణం బోర్డు మీద తెలుగులో మూడు తీర్లుగా ఉండడం వింత కాదు. వెబ్‌సైట్ ఫారం మాత్రం మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు చూపిస్తుంది. తెలుగువారికి మొదట వచ్చేది ఇంటిపేరు. దాన్ని మొదటి గడిలో రాస్తే సైట్ చిత్రకారుణ్ని ఇంటిపేరుతో పలకరిస్తుంది, రెండో గడిలో రాస్తే బొమ్మ కింద పేరు తిరగబడి అచ్చవుతుంది, పొడి అక్షరంగా రాస్తే అక్షరాలు చాలవని ఎర్రగీత చూపిస్తుంది. ఊరి పేరుదీ ఇదే కథ. ఇంగ్లిషులో పర్లాకిమెడి అనీ పరలఖెముండి అనీ రెండు రకాల స్పెల్లింగులు వాడుకలో ఉన్నాయి. ఒకదానితో వెతికితే రెండోదానితో నమోదైన బొమ్మలు రావు.

కళ పేరు మరీ ఘోరం. ఒకే సంప్రదాయం సవర, సౌరా, సోరా, లాంజియా సౌరా, ఇడితల్ అన్న పేర్ల కింద చెదిరిపోయి ఉంటుంది. 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు వచ్చింది లాంజియా సౌరా పేరుతో; ఆంధ్ర వైపు సీతంపేట కొండల్లో అదే తెగవారిని అందరూ పిలిచేది సవరలనే. వర్గాల జాబితాలో ఇవేవీ లేకపోతే సైట్ నడిపేవారు తమకు తెలిసిన వర్లీ కింద వేసేస్తారు. మహారాష్ట్రలో ఆ కొసన ఉన్న వర్లీ చిత్రానికీ దీనికీ ఎరుపు మీద తెలుపు అన్న పోలిక ఉన్న మాట నిజమే. అంతమాత్రాన రెండూ ఒకటి కావు. మాధ్యమం అన్నచోట తైలవర్ణం, యాక్రిలిక్, జలవర్ణం, ఇతరం అని నాలుగే ఉంటే, బియ్యప్పిండి, శంఖం పొడి, చింతపిక్కల జిగురు అన్నీ ఇతరంలోకే పోవాలి. సవర భాషకు వ్యాకరణమూ నిఘంటువూ కట్టడానికి గిడుగు రామమూర్తి దశాబ్దాలు వెచ్చించింది ఈ పర్లాకిమిడిలోనే. మాటకు సరైన పేరు పెట్టడానికి ఒక మనిషి అంత కష్టపడ్డ ఊళ్లోని కళ ఇతరం కింద నమోదు కావడం కొంచెం కష్టంగానే ఉంటుంది.

అక్షరాలు కూడా తెగుతాయి. టెంప్లేట్ ఇంగ్లిషు అక్షరాల ఎత్తుకు కొలిచి వరుసల మధ్య చోటు వదులుతుంది. తెలుగు వత్తులు కిందికి దిగుతాయి కాబట్టి రాష్ట్రం, లక్ష్మి, స్త్రీ వంటి మాటల్లో అడుగు కత్తిరించినట్టు పోతుంది. తెలుగు, ఒడియా లిపులు 1991 నుంచీ కంప్యూటర్లు వాడే ఉమ్మడి అక్షరాల పట్టిక యూనికోడ్‌లో ఉన్నాయి. 1936లో మంగేయి గొమాంగో సవర భాషకు సృష్టించిన సొరాంగ్ సొంపెంగ్ లిపి కూడా 2012లో అందులో చేరింది. కాని గ్యాలరీ ఎంచుకున్న సొగసైన ఫాంటులో ఆ అక్షరాలు లేకపోతే బొమ్మ పేరు స్థానంలో ఖాళీ డబ్బాలు వరుసగా కనిపిస్తాయి.

పెద్ద మ్యూజియంలు ఈ చిక్కుల్లో కొన్నింటిని ఎప్పుడో విప్పాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం 2022 జనవరిలో డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ వేసిన నైట్ వాచ్ చిత్రాన్ని 71,700 కోట్ల పిక్సెళ్లతో పెట్టింది. వేల ఫొటోలు కలిపి కుట్టిన ఆ ఫైలులో రెండు పిక్సెళ్ల మధ్య దూరం మిల్లీమీటరులో 200వ వంతు. అంత బరువైన ఫైలు మామూలు ఫోనులో తెరుచుకోవడానికి కారణం, దాన్ని చిన్న పలకలుగా కోసి, చూసేవారు పెద్దది చేసిన చోటి పలకలను మాత్రమే పంపడం. మ్యూజియంలు, గ్రంథాలయాలు ఇలాంటి ఫొటోలను ఒకే పద్ధతిలో పంచుకోవడానికి ట్రిపుల్ ఐఎఫ్ అనే ఉమ్మడి ప్రమాణాన్ని 2011లోనే మొదలుపెట్టాయి. కొండ ఊళ్లో సిగ్నల్ రెండు గీతలున్నప్పుడు కూడా ఈ పలకల పద్ధతి పనికొచ్చేదే, ఎందుకంటే ఒక్కసారిగా దిగాల్సిన బరువు తగ్గుతుంది. చిన్న గ్యాలరీకి అంత హంగు అక్కర్లేదు. గడిని నింపే బదులు బొమ్మను పూర్తిగా ఇమిడ్చే అమరిక కోడులో ఒక్క మాట మారిస్తే వస్తుంది. వరుసలోని బొమ్మలన్నింటికీ ఎత్తు ఒకటే ఉంచి వెడల్పును దేనిది దానికి వదిలేసినా పేజీ తీరుగానే ఉంటుంది. పూర్తి బొమ్మతోపాటు బెత్తెడు భాగాన్ని అసలు సైజులో చూపే ఫొటో ఒకటి జోడిస్తే గీత ఎలా ఉందో తెలుస్తుంది.

అది జరిగేలోగా చిత్రకారులు తమ ఉపాయాలు తాము వెతుక్కుంటున్నారు. పొడవాటి బొమ్మకు పైనా కిందా తెల్లటి పట్టీలు అతికించి ముందే చతురస్రం చేసి పంపడం అందులో ఒకటి. నల్లటి పేజీలో ఆ పట్టీలు సున్నం కొట్టినట్టు మెరుస్తూ బొమ్మను మింగేస్తాయి. ఇంకొంచెం ఆందోళన కలిగించేది, గడిలో బాగా కనిపిస్తుందని గుడ్డనే చతురస్రంగా కత్తిరించుకుని, ముఖ్యమైనదంతా నడిమికి జరిపి బొమ్మ మొదలుపెట్టడం. అంచు నుంచి లోపలికి పెరిగే చిత్రం అప్పుడు నడిమి నుంచి బయటికి పెరగడం నేర్చుకుంటుంది.

ఇలాంటి ఉపాయాలకు కూడా లొంగని వస్తువు గంజపా పేకకట్ట. పర్లాకిమిడిలోనూ పూరీ వైపునా చేస్తూ వచ్చిన ఈ గుండ్రటి ముక్కలకు గుడ్డ పొరలను చింతపిక్కల జిగురుతో అతికించి, సుద్ద పూసి, రంగులు వేసి, లక్క పూత పెడతారు. కట్టలో 96 ముక్కలు, ఎనిమిది జాతులు, జాతికి పన్నెండు. ఏది ఏ జాతిదో తెలిపేది ప్రధానంగా వెనకనున్న రంగే కాబట్టి, ఫైలు రంగు చెడితే రెండు జాతులు ఒకటైపోతాయి. ముక్కకో ఫొటో పెడదామంటే ఒక కళాఖండానికి అయిదు ఫొటోలకు మించి తీసుకోని ఫారాలే ఎక్కువ. అందువల్ల చాప మీద మొత్తం కట్ట పరిచి ఒకే ఫొటో తీయడం ఒక్కటే దారి. జాతికి ఒక వరుస చొప్పున ఎనిమిది వరుసలు, వరుసలో ఎడమ నుంచి కుడికి ఒకటి నుంచి పది దాకా అంకెల ముక్కలు, ఆ తర్వాత మంత్రి, చివర రాజు. పన్నెండు నిలువు వరుసలున్న ఆ ఫొటోను చతురస్రపు గడి నడిమికి లాగి, ఎడమ పక్క రెండు వరుసలు, కుడి పక్క రెండు వరుసలు కోసేస్తుంది. 64 ముక్కలు మిగులుతాయి. మూడు నుంచి పది దాకా అంకెలన్నీ చక్కగా గడిలో కూర్చుంటాయి. ఎనిమిది మంది రాజులూ ఎనిమిది మంది మంత్రులూ బయట ఉండిపోతారు.